వర్క్ ఫ్రమ్ హోమా.. ఆఫీసా? ఐటీ ఉద్యోగుల చేతిలో ఉన్నదెంత? రూల్స్ ఏం చెబుతున్నాయి?

వచ్చే నెల నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాల్సిందేనంటూ ఒక మెయిల్ వస్తుంది.. అంతే. గుంటూరులోనో, కరీంనగర్‌లోనో సొంతింట్లో కూర్చుని పని చేసుకుంటున్న ఉద్యోగికి లెక్కలన్నీ మారిపోతాయి. హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతకాలి. పిల్లల స్కూలు మార్చాలి. పెద్దవాళ్లను ఎవరు చూసుకుంటారో తేల్చుకోవాలి. అదే మెయిల్ కోసం ఎదురుచూసే వాళ్లూ ఉన్నారు. ఇరుకు గదిలో రూమ్మేట్ల మధ్య ల్యాప్‌టాప్ పెట్టుకుని, పని నేర్పించే సీనియర్ ఎదురుగా లేక తిప్పలు పడే ఫ్రెషర్లు వాళ్లు.

కరోనా కాలంలో మొదలైన ఈ వాదనలో రెండు వైపులా నిజం ఉంది. ఎక్కడ కూర్చుని పని చేయాలన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? ఆ మాట కాగితం మీద రాసి ఉందా? ఉద్యోగి ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

అసలు ఎలా మొదలైంది?

2020 మార్చి మొదటి వారంలో హైదరాబాద్ మైండ్‌స్పేస్‌లో ఒక ఉద్యోగికి కరోనా సోకిందన్న అనుమానంతో ఒక భవనాన్ని ఖాళీ చేయించారు. తర్వాత పరీక్షలో నెగెటివ్ వచ్చింది. కానీ అప్పటికే ఐటీ కారిడార్ ఉలిక్కిపడింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. లక్షల మంది ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సొంతూళ్ల బాట పట్టారు.

అప్పటిదాకా మన దేశంలో ఇంటి నుంచి పని అంత తేలిక కాదు. కాల్ సెంటర్లు, బీపీవోలకు టెలికాం శాఖ పెట్టిన నిబంధనలు అడ్డుగా ఉండేవి. మార్చిలో వాటిని తాత్కాలికంగా సడలించారు. 2020 నవంబర్‌లో నిబంధనలనే సరళం చేసి, ఇంటి నుంచే కాదు, దేశంలో ఎక్కడి నుంచైనా పనిచేసే వీలు కల్పించారు.

ఇంకో మెలిక ప్రత్యేక ఆర్థిక మండళ్లు.. అంటే సెజ్‌లు. హైదరాబాద్‌లోని చాలా ఐటీ క్యాంపస్‌లు సెజ్‌ల పరిధిలోనే ఉన్నాయి. పన్ను మినహాయింపుతో తెచ్చుకున్న కంప్యూటర్లను సెజ్ దాటించి వాడాలంటే అనుమతి కావాలి. అందుకే 2022 జూలైలో కేంద్రం సెజ్ నిబంధనల్లో 43ఏ అనే కొత్త రూల్ చేర్చింది. మొదట సగం మంది ఉద్యోగులకే వర్క్ ఫ్రమ్ హోమ్ అంది. అదే ఏడాది డిసెంబర్‌లో అందరికీ ఇవ్వొచ్చని మార్చింది. కాకపోతే దానికి గడువు పెట్టి, తర్వాత పొడిగించింది.

కంపెనీలు ఎందుకు రూటు మార్చాయి?

2020లో టీసీఎస్ '25-25' అనే ప్రణాళిక ప్రకటించింది. 2025 నాటికి ఏ సమయంలోనైనా 25 శాతం మంది ఉద్యోగులే ఆఫీసులో ఉంటే చాలన్నది దాని సారాంశం. కానీ కొన్నేళ్లకే సీన్ మారింది. 2023 అక్టోబర్ నుంచి అదే సంస్థ ఉద్యోగులను వారానికి ఐదు రోజులు ఆఫీసుకు రమ్మంది. 2024లో ఆఫీసు హాజరును వేరియబుల్ పేతో ముడిపెట్టింది. హాజరు 60 శాతం లోపు ఉంటే ఆ మొత్తం రాదన్నది అప్పట్లో బయటికొచ్చిన నిబంధన.

విప్రో 2023 నవంబర్ నుంచి వారానికి మూడు రోజులు తప్పనిసరి చేసింది. ఇన్ఫోసిస్ నెలకు పది రోజుల లెక్క పెట్టింది. అమెజాన్ సీఈవో ఆండీ జస్సీ 2024 సెప్టెంబర్‌లో కార్పొరేట్ ఉద్యోగులకు ఐదు రోజుల ఆఫీసు ప్రకటించారు. 2025 జనవరి 2 నుంచి అది అమల్లోకి వచ్చింది. వీడియో మీటింగులకు మారుపేరైన జూమ్ కంపెనీ కూడా 2023లో ఆఫీసుకు దగ్గర్లో ఉంటున్న ఉద్యోగులను వారానికి రెండు రోజులు రమ్మంది.

కంపెనీలు చెప్పే కారణాలు ప్రధానంగా మూడు. ఒకటి, కొత్తగా చేరినవాళ్లు పక్క సీటు చూసి నేర్చుకునే పని వీడియో కాల్‌లో అబ్బదు. రెండు, టీముల మధ్య మాటామంతీ తగ్గుతుంది. మైక్రోసాఫ్ట్‌లో 61 వేల మందికి పైగా ఉద్యోగుల డేటాతో 2021లో వెలువడిన అధ్యయనం ఇదే తేల్చింది. అందరూ ఇంటి నుంచి పనిచేసినప్పుడు ఎవరి గూడు వారిదే అయిపోయిందని, వేరే టీములతో సంబంధాలు తగ్గాయని చెప్పింది. మూడోది నమ్మకం. ఒక కంపెనీలో ఉంటూ గుట్టుగా ఇంకో కంపెనీకి పనిచేసే మూన్‌లైటింగ్ 2022లో పెద్ద దుమారం రేపింది. ఆ కారణంగా విప్రో 300 మందిని తొలగించింది.

ఇంట్లో పని బాగా జరుగుతుందా, లేదా?

దీని మీద ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే పేరు స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికోలస్ బ్లూమ్. ఆయన బృందం చైనా ట్రావెల్ సంస్థ సీట్రిప్ కాల్ సెంటర్‌లో 2010-11లో తొమ్మిది నెలల ప్రయోగం చేసింది. వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేసినవారి పనితీరు 13 శాతం పెరిగింది. బ్రేకులు, సిక్ లీవులు తగ్గడమే ఇందులో పెద్ద భాగం. ఉద్యోగం మానేసేవాళ్లూ సగానికి తగ్గారు.

కానీ అసలు ట్విస్ట్ తర్వాత ఉంది. ప్రయోగం ముగిశాక ఇష్టమైనది ఎంచుకోమంటే, ఇంటి నుంచి పనిచేసినవారిలో దాదాపు సగం మంది ఆఫీసుకే తిరిగొచ్చారు. ఒంటరితనమే ప్రధాన కారణం. పనితీరుతో పోల్చి చూస్తే ప్రమోషన్ల అవకాశం కూడా ఇంట్లో ఉన్నవాళ్లకే తగ్గింది. కళ్లెదుట లేనివాళ్లు బాస్‌కు గుర్తుకు రారన్న భయం ఉత్తదేం కాదన్నమాట.

అదే సంస్థలో 1,612 మందితో చేసిన మరో ప్రయోగం ఫలితాలు 2024లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. ఈసారి మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు.. అంటే హైబ్రిడ్. పనితీరులోనూ, ప్రమోషన్లలోనూ తేడా కనిపించలేదు. రాజీనామాలు మాత్రం మూడో వంతు తగ్గాయి. పూర్తిగా ఇల్లు, పూర్తిగా ఆఫీసు అన్న రెండు వాదనలకూ ఈ ఫలితం పెద్దగా బలం ఇవ్వదు.

హైదరాబాద్ లెక్క వేరు..

ఐటీ కారిడార్‌లో వాన పడితే ఏమవుతుందో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 2023 జూలై వానలప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలు ఒకేసారి లాగౌట్ చేయకుండా, ఏరియాలవారీగా టైమింగ్స్ సూచించాల్సి వచ్చింది. రాయదుర్గం దాకా మెట్రో వచ్చినా, అక్కడి నుంచి గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చేరాలంటే మళ్లీ ఆటోనో, షటిలో ఎక్కాల్సిందే. రోజూ రెండు మూడు గంటలు రోడ్డు మీదే పోయే ఉద్యోగికి ఇంటి నుంచి పని అంటే ఆ గంటలు తిరిగి చేతికి రావడమే.

అయితే ఆఫీసు అంటే కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు మాత్రమే కాదు. క్యాబ్ డ్రైవర్లు, క్యాంటీన్ కార్మికులు, హౌస్‌కీపింగ్ సిబ్బంది, సెక్యూరిటీ గార్డులు, మాదాపూర్ టిఫిన్ సెంటర్లు, హాస్టళ్లు.. వీళ్లందరి బతుకూ ఆ భవనాల చుట్టూనే. వాళ్ల పనికి వర్క్ ఫ్రమ్ హోమ్ అనే మాటే లేదు. క్యాంపస్‌లు ఖాళీ అయితే మొదట దెబ్బ తగిలేది వీళ్లకే.

మహిళల విషయంలో ఏముంది?

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ ఒక వెసులుబాటు ఇచ్చింది. పని స్వభావం అనుకూలిస్తే, ప్రసూతి సెలవు తర్వాత పరస్పర అంగీకారంతో ఇంటి నుంచి పనికి యాజమాన్యం అనుమతించవచ్చు. 'అనుమతించవచ్చు' అన్న మాట ఇక్కడ కీలకం. తప్పనిసరిగా ఇవ్వాలని లేదు. కానీ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్ సదుపాయం మాత్రం తప్పనిసరి.

ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు పెద్ద ఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ అవకాశాలు కల్పించే ఆలోచన ఉందని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. పట్టణాలు, మండలాల స్థాయికి ఐటీ ఆఫీసు స్పేస్ తీసుకెళ్లాలన్నది అందులో భాగం. ఇంటికీ, మహానగరానికీ మధ్య సొంతూరికి దగ్గర్లో కూర్చుని పనిచేసే మూడో దారి ఇది.

చట్టం ఎవరి వైపు?

సూటిగా చెప్పాలంటే, వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగి హక్కు అని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. సేవా రంగం కోసం కేంద్ర కార్మిక శాఖ 2020 చివర్లో విడుదల చేసిన నమూనా స్టాండింగ్ ఆర్డర్ల ముసాయిదాలో దీని ప్రస్తావన ఉంది. అందులోనూ నియామక షరతులకు లోబడి, యాజమాన్యం నిర్ణయించిన కాలానికి అనుమతించవచ్చనే ఉంది. తెలంగాణలో షాపుల చట్టంలోని పని గంటలు వంటి కొన్ని సెక్షన్ల నుంచి ఐటీ సంస్థలకు మినహాయింపులు కూడా ఉన్నాయి.

పని వేళలు దాటాక బాస్ ఫోన్ ఎత్తకపోయినా తప్పు లేదనే హక్కు ఫ్రాన్స్‌లో 2017లోనే వచ్చింది. ఆస్ట్రేలియాలో 2024లో అమల్లోకి వచ్చింది. మన పార్లమెంటులో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు కానీ, అది చట్టం కాలేదు.

ఉద్యోగులు ఏం చూసుకోవాలి?

• ఆఫర్ లెటర్‌లో పని ప్రదేశం ఏమని రాశారు? హైదరాబాద్ అని ఉండి, ఇంటి నుంచి పని తాత్కాలికం అని ఉంటే కంపెనీ ఎప్పుడైనా పిలవొచ్చు.

• పర్మనెంట్ రిమోట్ అని ఇంటర్వ్యూలో నోటిమాటగా చెబితే సరిపోదు. చేరకముందే హెచ్ఆర్ నుంచి మెయిల్‌లో తీసుకోవాలి.

• హాజరును వారానికి లెక్కిస్తారా, నెలకా? సెలవులు, పండగలు ఎలా లెక్కేస్తారు? బోనస్‌తో, ప్రమోషన్‌తో లింకు ఉందా? ఇవి పాలసీ డాక్యుమెంట్‌లో చూడాలి.

• ఇంటర్నెట్, కరెంటు, కుర్చీ ఖర్చు ఎవరిది? కంపెనీ పాలసీలో ఉంటేనే తిరిగి వస్తుంది.

• సొంతింట్లో ఉంటూ అద్దె కట్టకపోతే హెచ్ఆర్‌ఏ పన్ను మినహాయింపు రాదు. జీతం లెక్క వేసుకునేటప్పుడు ఇది మరిచిపోవద్దు.

• విదేశం నుంచి పనిచేయాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి. అక్కడ పన్ను, వీసా, డేటా భద్రత నిబంధనలు వేరు.

• ఆఫీసుకు పిలిస్తే ఎన్ని రోజుల గడువు ఇస్తారు? ఇది చాలామంది అడగని ప్రశ్న.

చివరి ప్రశ్నే కుటుంబాలకు అన్నిటికన్నా ముఖ్యం. మెయిల్ పంపడానికి కంపెనీకి ఒక్క క్లిక్ చాలు. ఊరు మారడానికి మాత్రం పిల్లల విద్యా సంవత్సరం పూర్తవ్వాలి, అడ్వాన్సు కట్టాలి, అమ్మానాన్నలను ఒప్పించాలి. వారానికి మూడు రోజులా, ఐదు రోజులా అన్న బేరం ఎలా ఉన్నా.. ఆ గడువు ఎంతో ముందే కాగితం మీద ఉంటే కుటుంబానికి సర్దుకునే టైమ్ దొరుకుతుంది.