టోపీ పిన్ను, కారప్పొడి, ఈల

చరిత్ర పుస్తకంలో ఆయుధాలంటే కత్తులు, ఫిరంగులు, తుపాకులే. ఏ రాజు ఏ కోటని ఎలా పట్టుకున్నాడో మనం పరీక్షకి చదువుతాం. కానీ ఎవరి ప్రాణమూ తీయకుండా తమని తాము కాపాడుకోడానికి మామూలు మనుషులు చేతిలోకి ఏం తీసుకున్నారు? దానికి పాఠం లేదు. ఆ పాఠాన్ని నేను కొంచెం కొంచెంగా వెతికి ఇక్కడ రాస్తున్నాను.

ముందు పిన్నీసు. మన అమ్మల గాజులకో, గొలుసుకో ఎప్పుడూ రెండు మూడు వేలాడుతూ ఉంటాయి కదా. దీన్ని ఇప్పుడున్న రూపంలో తయారుచేసి 1849లో పేటెంటు తీసుకున్నది అమెరికాలోని వాల్టర్ హంట్. అప్పు తీర్చడానికి ఆయన ఆ హక్కుని 400 డాలర్లకే అమ్మేశాడు. బట్టలు గుచ్చుకోడానికి చేసిన వస్తువు అది. దాన్ని ఆడవాళ్లు ఇంకో పనికి కూడా వాడతారని ఆయన అనుకొని ఉండడు.

ఆ ఇంకో పని అమెరికాలో పిన్నీసుకి కాకుండా టోపీ పిన్నుకి వచ్చింది. 1900 ప్రాంతంలో అక్కడి ఆడవాళ్లు పెద్ద పెద్ద టోపీలు పెట్టుకునేవారు. అవి జారిపోకుండా జుట్టులోకి పొడవాటి పిన్ను గుచ్చేవారు. కొన్ని దాదాపు అడుగు పొడవు ఉండేవి. అదే కాలంలో ఆడవాళ్లు ఆఫీసులకి, దుకాణాలకి పనికోసం ఒంటరిగా వెళ్లడం మొదలైంది. ట్రాముల్లో వేధించేవాళ్లూ ఎక్కువయ్యారు. 1903లో న్యూయార్క్ చూడ్డానికి వచ్చిన లియోటీ బ్లేకర్ అనే యువతి పక్కన ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. బండి కుదిపినప్పుడల్లా దగ్గరికి జరుగుతూ వచ్చి, చివరికి చెయ్యి వేశాడు. ఆమె టోపీ పిన్ను తీసి అతని చేతిలో గుచ్చింది. వాడు కేకపెట్టి, తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు. పత్రికలు ఆమె గురించి రాశాయి.

తర్వాత ఏమైందో చూడండి. 1910లో షికాగో నగర సభ 9 అంగుళాల కంటే పొడవైన టోపీ పిన్ను పెట్టుకుంటే జరిమానా అని తీర్మానం చేసింది. ఇంకా కొన్ని నగరాలు ఇలాంటి నియమాలే పెట్టాయి. ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. వేధించేవాళ్లని వదిలేసి పిన్నుని కొలిచారేంటి అనుకున్నాను. కానీ ఇంకో వైపు కూడా ఉంది. కిక్కిరిసిన ట్రాములో ఆ పిన్ను మొన బయటికి పొడుచుకొని ఉంటే ఏ తప్పూ చేయనివాళ్లకి కూడా గుచ్చుకునేది. కాబట్టి రెండూ నిజమే. వస్తువు ఎంచుకునేటప్పుడు అది ఎవరికి తగులుతుంది అని కూడా ఆలోచించాలి.

ఇదే కాలంలో లండన్‌లో ఓటు హక్కు కోసం ఆడవాళ్లు పోరాడుతున్నారు. వాళ్లకి ఎడిత్ గారుడ్ అనే ఆమె జపాన్ కుస్తీ విద్య జుజుత్సు నేర్పింది. ఆమె ఎత్తు ఐదడుగులు కూడా లేదు. నాయకురాళ్లని పోలీసులు పట్టుకుపోకుండా కాపాడడానికి దాదాపు 30 మంది ఆడవాళ్లు ఒక దళంగా ఏర్పడ్డారు. వాళ్లు బట్టల కింద దాచుకున్నవి ఏమిటో తెలుసా? 'ఇండియన్ క్లబ్స్'. అంటే మన తాలింఖానాల్లో తిప్పే చెక్క గదల్లాంటివే. ఇక్కడ మనవాళ్లు తిప్పడం చూసి ఇంగ్లీషువాళ్లు తమ దేశానికి తీసుకుపోయిన వ్యాయామం అది.

మరి మన దగ్గర? 1878లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. భారతీయులు లైసెన్సు లేకుండా ఆయుధం పెట్టుకోకూడదు. ఇక్కడున్న యూరోపియన్లకి మాత్రం మినహాయింపు. మామూలు మనిషికి మిగిలింది చేతికర్ర. తెలుగువాళ్ల కర్రసాము, ఇక్కడి తమిళుల సిలంబం రెండూ కర్ర మీద నిలబడిన విద్యలే. మా హోసూరు పక్క పిల్లలు రెండు పేర్లూ ఎరుగుదురు.

తెలంగాణ రైతుల సాయుధ పోరాటంలో, 1940ల్లో, రజాకార్లు ఊళ్ల మీద పడినప్పుడు ఆడవాళ్లు కారప్పొడి, రోకళ్లు, వడిసెలలు పట్టుకున్నారు. వడిసెల అంటే చేలో పిట్టల్ని తోలే రాళ్ల తాడు. అన్నీ ఇంట్లో, చేలో ఉన్న వస్తువులే. ఇప్పుడు అంగట్లో అమ్మే పెప్పర్ స్ప్రేలో కంటిని మండించేది కూడా మిరపకాయలో ఉండే ఘాటే. అంటే ఆ అవ్వలు చేతితో చల్లినదాన్నే ఇప్పుడు డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు.

ఈ డబ్బాకీ ఒక చరిత్ర ఉంది. 1965లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో అలన్ లిట్మన్ అనే ఆయన చేతిలో పట్టే స్ప్రే తయారుచేశాడు. ఆయన భార్యతో పనిచేసే ఒక టీచరుని దొంగలు దోచుకోవడమే దానికి కారణం. మొదట అందులో బాష్పవాయువు మందు ఉండేది. మిరప ఘాటు తర్వాత వచ్చింది. అదే స్ప్రేని 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు సమయంలో మన లోక్‌సభలో ఒక సభ్యుడు కొట్టారు. మూసి ఉన్న హాలు కాబట్టి అందరికీ దగ్గు, కళ్ల మంట. కొందరు ఎంపీలని ఆసుపత్రికి తీసుకెళ్లారు. కదిలే బస్సులో కొట్టినా అంతే అవుతుంది.

చట్టం ఏమంటుంది? 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఆత్మరక్షణ హక్కు ఉంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. కాపాడుకోడానికి ఎంత అవసరమో అంతకంటే ఎక్కువ హాని చేయకూడదు అనేది దాని ముఖ్యమైన మాట.

ఇదంతా నాకెందుకంటే, పదో తరగతి స్పెషల్ క్లాసు అయ్యేసరికి చీకటి పడుతుంది. ఇంటికి బస్సులో పోవాలి. నాన్న స్ప్రే కొంటానంటారు. అమ్మ పిన్నీసు చాలంటుంది. చిన్నప్పుడు బస్సులో పిన్నీసు వేళ్ల మధ్య పట్టుకొనే నిలబడేదాన్ని అని చెప్పింది. "ఇంత గోల ఎందుకు పాపా, క్లాసు మానేయ్" అంటుంది అవ్వ. మా క్లాసులో ఒకమ్మాయికి ఇంట్లోవాళ్లు అలాగే మానిపించేశారు. లెక్కల్లో తనే ఫస్టు.

చరిత్ర చదివాక నాకు నాలుగు ప్రశ్నలు తేలాయి. అది ప్రాణం తీయకుండా ఉంటుందా? వెంటనే చేతికి అందుతుందా? పక్కవాళ్లకి తగలకుండా ఉంటుందా? పారిపోడానికి టైమ్ ఇస్తుందా? ఖాళీ రోడ్డు మీద స్ప్రే పనికొస్తుంది, కానీ గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. బస్సులో పిన్నీసు మేలు. నేను మాత్రం మొదట ఈలని ఎంచుకున్నాను. 1880ల్లో లండన్ పోలీసులు గిలకని వదిలి ఈల పట్టుకున్నారు, దాని శబ్దం దూరం వినిపిస్తుందని. ఈల ఎవరికీ తగలదు, కానీ అందరినీ పిలుస్తుంది. 1098, 112 నంబర్లు కూడా నోటికి వచ్చి ఉండాలి.

కానీ ఈల ఊదితే వినేవాళ్లు కూడా ఉండాలి. 1998లో చెన్నైలో వేధింపుల వల్ల ఒక కాలేజీ విద్యార్థిని చనిపోయాకే మన రాష్ట్రంలో దానికి ప్రత్యేక చట్టం వచ్చింది. అంతకుముందు ఎన్ని బస్సుల్లో ఎంతమంది చూసి ఊరుకున్నారో! అన్నల్లారా, తమ్ముళ్లారా, బస్సులో మా వైపు ఈల వినిపిస్తే తల తిప్పి చూడండి, లేచి నిలబడండి. అమ్మానాన్నలకి, అవ్వాతాతలకి కూడా ఒక మాట. షికాగో వాళ్లు పిన్నుని పొట్టిగా చేసినట్టు మీరు మా చదువుని పొట్టిగా చేయొద్దు.