చరిత్రలో కలిసిన మద్రాసు ట్రాము

ఉమ్మడి మద్రాసు రాష్ట్ర రాజధానిలో దాదాపు 58 ఏళ్లు జనాన్ని మోసిన విద్యుత్ ట్రాము 1953 ఏప్రిల్ 12న శాశ్వతంగా ఆగిపోయింది. ఆంధ్ర రాష్ట్ర అవతరణకు అప్పటికి ఆరు నెలల వ్యవధి కూడా లేదు. కోర్టు పనులకు, చదువులకు మద్రాసు వెళ్లివచ్చిన నెల్లూరు, చిత్తూరు జిల్లాల పాత తరానికి ఈ ట్రాము సుపరిచితమే.

దేశంలో మొట్టమొదటి విద్యుత్ ట్రాము ఇదే. 1895 మే 7న ఇది ప్రారంభమైంది. కలకత్తాలో 1902లో, బొంబాయిలో 1907లో గాని విద్యుత్ ట్రాములు రాలేదు. పాలకుల రాజధాని లండన్‌లోనూ ఆ సేవలు 1901లోనే మొదలయ్యాయి.

తొలుత విద్యుత్ తీగలను పైన కట్టలేదు. పట్టాల నడుమ నేలలో సన్నని కాలువ చేసి అందులో అమర్చారు. కుండపోత వానలు కురిసే ఊరికి ఈ పద్ధతి ఏమాత్రం పొసగలేదు. దాంతో స్తంభాలు నాటి తీగలను పైకి మార్చారు. తొలి కంపెనీ నిలదొక్కుకోలేకపోగా, 1904లో ఏర్పడిన మద్రాసు ఎలక్ట్రిక్ ట్రామ్‌వేస్ బాధ్యత చేపట్టింది. 1921 నాటికి 24 కిలోమీటర్ల మార్గంలో 97 బండ్లు ఉండేవి. రేవు నుంచి ఊరిలోకి ప్రయాణికులతోపాటు సరకులనూ చేరవేసేవి.

ట్రాముకు అసలు పోటీ బస్సుతోనే వచ్చింది. పట్టాలు లేని వీధికి ట్రాము వెళ్లలేదు, బస్సుకు ఆ బెడద లేదు. ఇది గ్రహించిన కంపెనీ 1925లో తానే బస్సులు దింపింది గాని, ప్రైవేటు బస్సుల ధాటికి 1928లో విరమించుకుంది. 1947లో ప్రభుత్వమే బస్సులు నడపడం మొదలుపెట్టింది. నష్టాలు తీవ్రమై కంపెనీ దివాలా తీయడంతో కార్మికులు ఉపాధి కోల్పోయారు.

ట్రాములు ఆగిన 72 ఏళ్లకు, 2025 జూన్‌లో చెన్నై నగర రవాణా సంస్థ విద్యుత్ బస్సుల సేవలను ప్రారంభించింది.