పుట్టికి ఇరువది తూములు: పెద్ద ఎక్కముల పూర్వకథ

హైదరాబాదునుండి బెజవాడకు పోవు బాటలో సూర్యాపేట 1948కి పూర్వము నిజాము రాజ్యములోనిది. దానిని దాటి కొంతదూరము పోగా వచ్చు మునగాల పరగణా, చుట్టును నిజాము గ్రామములే యున్నను, కృష్ణాజిల్లాకు చెంది ఇంగ్లీషువారి యేలుబడిలో నుండెను. పిదప వచ్చు కోదాడ మరల నిజాముది. కోదాడ దాటి జగ్గయ్యపేట చేరినచో మరల ఇంగ్లీషు సీమ. బండిమీద పోవువానికి ఇన్నిమారులు రాజ్యము మారిన యా ప్రాంతమున భాష యొక్కటే, బంధుత్వము లొక్కటే. లెక్క మాత్రము ఒక్కటి గాదు. నిజాము సీమలో హాలీ సిక్కా, ఇంగ్లీషు సీమలో కల్దారు రూపాయి. ఆరు కల్దారులకు ఏడు హాలీలు రమారమి మారకము. ఇచ్చట 80 తులముల సేరు, అచ్చట 120 తులముల వీశె. ఇచ్చట ఎకరమునకు 40 గుంటలు, అచ్చట 100 సెంట్లు. ఇట్టిచోట అంగడికి ధాన్యము తోలుకొనిపోవు రైతుకును, కొట్టులో కూర్చుండు షావుకారుకును, శిస్తు లెక్కకట్టు పట్వారీకిని నోటిలెక్క రాకున్నచో దినము గడవకుండెను. ఆ నోటిలెక్కకు ఆధారము ఎక్కములు.

పదవ ఎక్కముతో ఆగక ఇరువదవ ఎక్కము దాక పిల్లలచేత వల్లెవేయించిన పూర్వుల పద్ధతిని జ్ఞాపకశక్తికి పెట్టిన వ్యర్థపరీక్షగా నేడు కొందరు తలంతురు. ఆనాటి కొలతలను పరిశీలించినవారికి అట్లు తోపదు. నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి, రూపాయికి పదునారణాలు. తూమునకు పదునారు మానికలు గనుక మానిక వెల ఎన్ని అణాలో తూము వెల అన్ని రూపాయలు. పుట్టి వెల దానికి ఇరువది రెట్లు. మానిక మూడణాలైనచో తూము మూడు రూపాయలు, పుట్టి అరువది రూపాయలు. కాగితముతో గాని కలముతో గాని పనిలేదు. అట్లే ఎకరమునకు శిస్తు రెండున్నర రూపాయలైనచో అది నలుబది అణాలు, అనగా గుంటకు ఒక అణా. శిస్తు ఏడున్నర రూపాయలైనచో గుంటకు మూడణాలు. పదునారవ ఎక్కము, ఇరువదవ ఎక్కము, రెండున్నర ఎక్కము ధాన్యపు రాశినుండియు పొలపు గట్టునుండియు పుట్టినవే గాని పంతుళ్ల పట్టుదలనుండి పుట్టినవి గావు. వీసము, పరక, పాతిక, అర, ముప్పాతిక యను భిన్నములకును వేరువేరుగా ఎక్కము లుండుటకు కారణమిదియే. రూపాయిలో వీసము అణా, పరక బేడ, పాతిక పావలా. కావున భిన్నము బాలునకు తొలుత చేతిలోని నాణెముగానే పరిచితమగుచుండెను.

తెలంగాణ గ్రామములందు ఖాంగీ బడు లనబడిన ప్రైవేటు పాఠశాలలలో, గ్రామస్థు లిచ్చు ధాన్యముతోడను స్వల్పమైన జీతముతోడను బ్రదుకు పంతులు, ఇసుకలో వ్రేలితో అంకెలు దిద్దించి, ఎక్కములు నోటికి నేర్పుచుండెను. ఒక పెద్దపిల్లవాడు ముందు పలుకగా తక్కినవారు ఏకకంఠమున ‘పదిహే డెనిమిదుల నూటముప్పదియారు’ అని యందుకొనుట ఆ బడుల రీతి. తెలుగు, కన్నడములు రెండును నడచిన బళ్లారి జిల్లా బడులనుగూర్చి 1823లో కలెక్టరు కాంబెల్ వ్రాసిన నివేదికలో ఇట్టి బడుల రీతులకు సాక్ష్యమున్నది. ప్రాతఃకాలమున మొదట వచ్చిన బాలుని అరచేత గౌరవసూచకముగా సరస్వతి పేరు వ్రాసెదరనియు, రెండవవానికి మెప్పును నిందయు లేదని తెలుప సున్న వ్రాసెదరనియు, మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చువారికి క్రమముగా ఒక్కొక్కటి యెక్కువయగుననియు ఆయన వర్ణించెను. ఆ దెబ్బలను నేడెవ్వరు సమర్థింతురు? కాని పైపిల్లలు క్రిందిపిల్లలకు చెప్పుచు తమ చదువును తామే గట్టిచేసికొను పద్ధతిని కాంబెల్ మనసార మెచ్చుకొని, ఇంగ్లండు దానిని అనుసరించుట తగినదే యనెను. మద్రాసులో అనాథబాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతినే 1797లో గ్రంథముఖమున లోకమునకు చాటగా అది ‘మద్రాసు పద్ధతి’ యని ప్రసిద్ధి కెక్కెను.

కంఠస్థము చేయుటయే ఈ విద్యకు సర్వస్వమనుకొనుట పొరపాటు. క్రీ.శ. 850 ప్రాంతమున రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును, పిమ్మట పావులూరి మల్లన తెలుగున పద్యములలో అవతరింపజేసెను. గుణకారమున సౌందర్యమున్నదని తెలుపుటకు మహావీరుడు, 142857143ను 7చేత గుణింప 1000000001 వచ్చునట్టి లెక్కలను కంఠహారములుగా పేర్కొనెను. భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలో 135ను 12చేత గుణించు విధములు పెక్కు చూపెను. పండ్రెండును ఎనిమిదిగను నాలుగుగను ఖండించి, 1080కి 540 కూర్చి 1620 అనుట అందొకటి. పదిగను రెండుగను స్థానములబట్టి విడదీయుట మరొకటి. పెద్ద సంఖ్యను చూచి భయపడక దానిని చిన్న సంఖ్యలుగా విరువవలెనను ఈ సూత్రమే పెద్ద ఎక్కములన్నిటికిని ప్రాణము.

ఈ సూత్రము తెలిసిన బాలునకు పదిహేడవ ఎక్కము పదవ ఎక్కమునకు ఏడవ ఎక్కము చేర్చినదే: పదిహే డెనిమిదు లనగా ఎనుబదికి ఏబదియారు కూడ నూటముప్పదియారు. ఇరువది మూడవ ఎక్కము ఇరువదియు మూడును. ఇరువదితొమ్మిది ముప్పదిలో ఒకటి తక్కువ. పందొమ్మిదవ ఎక్కమును వరుసగా వ్రాసి చూడుడు: 19, 38, 57, 76, 95, 114, 133, 152, 171, 190. ఒకట్ల స్థానమున తొమ్మిదినుండి సున్న దాక ఒక్కొక్కటి తగ్గుచు, ఎడమవైపున 1, 3, 5, 7, 9 అని బేసిసంఖ్యలు పెరుగుచు పోవును. ఈ క్రమమును తానై కనిపెట్టిన పిల్లవాడు ఆ ఎక్కమును మరువడు. మరచినను తిరిగి నిర్మించుకొనగలడు.

నిజాము రాజ్యమున 1920ల దశకమున ఖాంగీ బడులకు ముందుగా అనుమతి పొందవలెనను నిబంధన వచ్చి వానిని కుంగదీసెను; సర్కారు బడులలో పైచదువులు ఉర్దూలో సాగుటచే తెలుగుబిడ్డలకు ఎక్కముతోపాటు ఉర్దూ ఎక్కమగు పహాడాయు నేర్వక తప్పలేదు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆరంభమైన ఆంధ్రమహాసభ మాతృభాషలో విద్యకొరకు ఎడతెగక అడిగినది. 1948లో హైదరాబాదు భారతదేశమున విలీనమైన తరువాత హాలీ సిక్కా క్రమముగా అంతరించెను. 1957 ఏప్రిల్ 1నుండి రూపాయికి నూరు నయాపైసలాయెను. ఆపై కిలోగ్రాము, లీటరు వచ్చి వీసమును, పరకను, తూమును మరుగుపరచెను. 1967లో నాగార్జునసాగరు ఎడమకాలువకు నీరు విడువగా మిర్యాలగూడ పరిసరములు వరిపొలములై, పట్టణము బియ్యపు మిల్లులకు పేరొందెను. కాని అచ్చటి ధాన్యమిప్పుడు క్వింటాళ్లలో తూగును, లెక్కయంత్రము వెల చెప్పును. గుంట యొక్కటి మాత్రము ఈనాటికిని చెదరక నిలిచి, భూమి కొనువానిచేతను అమ్మువానిచేతను నలుబదవ ఎక్కము చదివించుచున్నది.

కొలత మారినప్పుడు ఎక్కమునకు పూర్వపు అవసరము తగ్గుట సహజము. దాని విలువ తగ్గెననుట సహజము గాదు. సంఖ్యను విరిచి, చేర్చి, అంచనా కట్టి, యంత్రము చూపిన ఫలితము పొసగునో పొసగదో క్షణములో గుర్తింపగల బుద్ధి ఇరువదవ ఎక్కము దాక నడచిన బాలునకు అలవడును. దానికై బెత్తమును మరల తేనక్కరలేదు. ముందు విరిచి చూపి, పిదప వరుసలోని క్రమమును పిల్లలచేతనే కనిపెట్టించి, ఆ తరువాతనే గొంతు కలిపి వల్లింపజేసి, నేర్చినవానిచేత నేర్వనివానికి చెప్పించినచో చాలును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల ఉపాధ్యాయులును తల్లిదండ్రులును ఈ పద్ధతిని చేపట్టుదురుగాక. తమ తాతలు ధాన్యపు రాశియొద్ద తడుముకొనక చెప్పిన లెక్క తమ బిడ్డలకు పరాయిది కానక్కరలేదు.