ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: పాత ఏఐ, కొత్త ఏఐ.. దొంగాట లేకుండా గెలిచేది ఏది?

పులి-మేక ఆటలో 3 పులులు, 15 మేకలు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో బండల మీద గీతలు గీసి ఆడినవాళ్లకు తెలుసు.. బలం సమానం కాకపోయినా అంతా కళ్లముందే ఉంటుంది. కంప్యూటర్ స్ట్రాటజీ గేమ్స్‌లో మాత్రం అవతల ఆడే ఏఐ చాటుగా ఏం చేస్తోందో కనిపించదు. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’నే చూడండి.

1999 నాటి ఈ గేమ్‌కు 2013లో హెచ్‌డీ ఎడిషన్, 2019 నవంబర్ 14న డెఫినిటివ్ ఎడిషన్ వచ్చాయి. ఈ చివరిదాంట్లో మూడు తరాల ఏఐలూ ఉన్నాయి. సీడీ, హెచ్‌డీ, డెఫినిటివ్.. ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు.

అసలు తేడా ఏంటంటే, పాత సీడీ ఏఐ పై లెవెల్లో దొంగాట ఆడుతుంది. కష్టపడకుండానే దానికి అదనపు సరుకు వచ్చిపడుతుంది. మీరు దాని విలేజర్లను చంపినా సైన్యం అంతగా తగ్గదు. డెఫినిటివ్ ఏఐకి అలాంటి ఉచితాలు లేవు. ‘ఎక్స్‌ట్రీమ్’ లెవెల్లోనూ విలేజర్లతో పని చేయించుకునే గెలవాలి. రాళ్లు విసిరే మాంగొనెల్ గురిపెడితే సైనికుల్ని పక్కకు తప్పిస్తుంది కూడా! పాతవి ఏడు కలిసొచ్చినా ఇదొక్కటే ఓడిస్తుందని తయారీదారులు 2019లోనే చెప్పారు. సీడీ ఏఐతోనే ప్రాక్టీస్ చేసి ఆన్‌లైన్‌కి వెళ్తే బోల్తా పడటం ఖాయం. ఎదుటివాడి విలేజర్లను ఆపడం అనే కీలకమైన పాఠం అక్కడ ఒంటబట్టదు.

ఇది చాట్‌బాట్ తరహా ఏఐ కాదు. ‘ఇలా ఉంటే ఇలా చెయ్’ అని రూల్స్ రాసిన స్క్రిప్ట్, అంతే. డాట్ ఏఐ ఫైల్ పేరు కోసమే. రూల్స్ అన్నీ డాట్ పర్ ఫైల్‌లో ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చొచ్చు కాబట్టే అభిమానులు సొంత ఏఐ మోడ్స్ చేస్తుంటారు.

మోడ్ కొత్త వెర్షన్ మెరుగైందా లేదా అన్నది ఒక్క మ్యాచ్‌తో తేలదు. ఒకే మ్యాప్, ఒకే జాతి, ఒకే లెవెల్ పెట్టి, స్థానాలు మార్చి పలుమార్లు ఆడించాలి. జాతి విషయంలో జాగ్రత్త. 2022 ఏప్రిల్ 28న వచ్చిన ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’లో ద్రవిడియన్స్ చేరారు. ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్న కుప్పంవాళ్లకు ఈ పేరు కొత్తేం కాదు. వీళ్లకు నైట్స్ దళం లేదు. 2022కు ముందే ఆగిపోయిన మోడ్‌ను వీళ్లతో పరీక్షిస్తే దానికి అన్యాయం చేసినట్టే.

2024లో ఫోన్లకు వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ మొబైల్’ వేరే గేమ్. ఈ మూడు ఏఐల ఆప్షన్ అందులో ఉండదు.