నేలలో కర్బనం: రెండు లెక్కలు

నేలసారాన్ని గురించి మన వ్యాసాలలో రెండు ధోరణులు కనబడుతున్నాయి. ఒకటి నేలను కేవలం రసాయన పదార్థంగా చూచి రైతును మరచిపోయేది. రెండవది రైతుపై జరిగే దోపిడీని ధారాళంగా వర్ణిస్తూ, ఆ రైతు కాలికింది నేల కూడా క్షీణిస్తున్నదన్న సంగతిని విస్మరించేది. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ చర్చతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చు. మా విద్యార్థులలో చాలామంది సేద్యగాళ్ల పిల్లలు. ఆ పని అక్కడ మొదలైనది.

వేళ్లూ, ఆకులూ, పశువుల ఎరువూ కుళ్లగా నేలలో మిగిలే సేంద్రియ పదార్థంలో సుమారు సగం కర్బనమే. అది ఉన్న నేల నీటిని పట్టి ఉంచుతుంది, పైరుకు బలమిస్తుంది. అది తరిగినకొద్దీ బొగ్గుపులుసు వాయువుగా మారి గాలిలో కలుస్తుంది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో ప్రారంభమైన గోధుమ మళ్ల ప్రయోగం నేటికీ సాగుతున్నది. అక్కడ ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేసిన మడిలో, ఏ ఎరువూ వేయని మడిలోకంటె రెండు రెట్లకు మించి కర్బనం చేరినది. విజ్ఞానశాస్త్రం సాధించిన గొప్ప ఫలితమిది. కాని ఆ మడిలో ఎరువు ప్రయోగకర్త ఆజ్ఞపై వచ్చిపడుతుంది. పల్లెలో ఎరువు ఎవరి ఆజ్ఞపై వస్తుంది?

ఈ ప్రశ్నను మన దేశంలో ముందుగా వేసినవారిలో జాన్ అగస్టస్ వోల్కర్ ఒకడు. ఆయన రసాయన శాస్త్రజ్ఞుడు. బ్రిటిషు ప్రభుత్వం పంపగా 1889లో ఇక్కడికి వచ్చి, ఏడాదికి పైగా పర్యటించి, 1893లో నివేదిక ప్రకటించాడు. భారతీయ రైతు అజ్ఞాని గనుకనే పేడను పిడకలు చేసి తగులబెడుతున్నాడని అధికారులు అనేవారు. పిడక కాలితే కర్బనమూ నత్రజనీ గాలిలో కలుస్తాయి, పొలానికి బూడిద మాత్రమే మిగులుతుంది, ఇది రసాయనం. వోల్కర్ అక్కడితో ఆగలేదు, రైతులను అడిగాడు. కట్టెలు దొరికేచోట పేడను సాధారణంగా కాల్చరని తెలుసుకున్నాడు. కట్టెలెందుకు దొరకవు? 1878 అడవి చట్టం తర్వాత అడవి సర్కారు సొత్తయినది. పల్లెలకు వంటచెరకు, పశుగ్రాసం అందించే అడవులు పెంచాలని ఆయన కోరాడు. 1894 అటవీ విధానం సేద్యపు అవసరాలను మాటలలో అంగీకరించినది. పెత్తనం మాత్రం సర్కారు వదలలేదు.

వోల్కర్‌ను మనం పూర్తిగా మెచ్చుకోనక్కర లేదు. ఊళ్లో పశువులు ఎవరివి, పేడ ఎత్తే స్త్రీ ఎవరు, ఆ పేడ ఎవరి చేనికి చేరుతుంది అనే విచారణ ఆయన నివేదికకు కేంద్రం కాలేదు.

ఎనభై ఏళ్ల తర్వాత మన పటాన్‌చెరులో ఈ రెండు లెక్కలూ ఒకే సంస్థలో పక్కపక్కనే నడిచాయి. 1972లో ఏర్పడిన ఇక్రిశాట్‌లో, 1975లో ఆర్థికశాస్త్రజ్ఞులు పాలమూరు జిల్లా డోకూరు మొదలైన ఆరు గ్రామాలలో కుటుంబాల జమాఖర్చులు రాయించసాగారు. పరిశోధకులు ఊళ్లోనే కాపురముండి, భూమి లేని కూలీల ఇళ్లను కూడా లెక్కలో చేర్చారు. 1976లో నేలశాస్త్రజ్ఞులు సంస్థ ఆవరణలోని నల్లరేగడిలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. వెడల్పు మడవలు, కాలువలు, అంతరపంటలు, ఎరువులతో సాగుచేసిన భాగంలో, 24 ఏళ్ల తర్వాత, పాత పద్ధతి సాగుకంటె హెక్టారుకు సుమారు 7 టన్నుల కర్బనం ఎక్కువ నిలిచినట్లు తేలినది.

మరి రైతులు ఆ పద్ధతిని విరివిగా ఎందుకు స్వీకరించలేదు? కాలువ నీరు పక్కవాడి పొలం మీదుగా పోవాలి, పక్కవాడు ఒప్పుకోవాలి. దానికోసం రూపొందించిన చక్రాల పనిముట్టు ఖరీదు చిన్నరైతు తాహతుకు మించినది. మట్టి నమూనాలో ఈ సమాధానం దొరకదు. అలాగని జమాఖర్చుల పుస్తకంలో ఆ 7 టన్నులూ కనబడవు. ఒకరి పని ముగిశాక రెండవవారిని పిలవడం కాక, మట్టి తవ్వేనాడే కౌలు చరిత్రను కూడా రాసుకోవాలని నా అభిప్రాయం.

మొన్న వేసవిలో ఒక విద్యార్థి ఊళ్లో అతని మేనమామ నాతో అన్నాడు: “ఎరువు తోలితే మూడేండ్ల దాకా పనిచేస్తది సారూ. చేను నాకు ఒక్క ఏడాదికే ఇచ్చిండు.” ఆ చేనిలో కర్బనం తక్కువ ఉన్నదని పరీక్ష చెబుతుంది, ఎందుకు తక్కువో ఆ మాట చెప్పినది.

ఇది నేడు మరింత అవసరమైన విచారణ. నేలలో నిలిపిన కర్బనానికి వెలకట్టి అమ్మే వ్యాపారం మన పల్లెలకూ వస్తున్నది. టన్నులను నేలశాస్త్రం కొలుస్తుంది. ఆ సొమ్ము పట్టాదారుకా, నేలను బాగుచేసిన కౌలుదారుకా, ఎరువు మోసిన కూలిమనిషికా అన్నది సాంఘిక ప్రశ్న. దాన్ని కొలతకు ముందే వేయకపోతే జవాబును పట్టా కాగితమే నిర్ణయిస్తుంది. సైన్సు చదివే విద్యార్థులూ చరిత్ర, అర్థశాస్త్రం చదివేవారూ కలిసి ఒక్క ఊరినైనా ఎంచుకొని ఈ రెండు లెక్కలూ ఒకే పుస్తకంలో రాయడం మొదలుపెట్టాలి.