ఫ్లోర్లు ఖాళీ అయ్యాక వడపళని

చెన్నై వడపళనిలో ఆర్కాట్ రోడ్డు పక్కన విజయా హాస్పిటల్, విజయ శేషమహల్ కల్యాణ మండపం, విజయా మాల్ దగ్గరదగ్గరగా ఉంటాయి. మా పేటలో పెద్దవాళ్ళకి ఆ ప్రాంతం ఇప్పటికీ విజయా వాహినీ స్టూడియోనే. 1957లో ‘మాయాబజార్’ తీసింది అక్కడే. ఆసియాలోనే పెద్ద స్టూడియో అని దానికి పేరు.

స్టూడియో అమ్మేది సరుకు కాదు, కాల్‌షీటు, అంటే షూటింగుకి ఇచ్చే సమయం. అమ్ముడుపోని బియ్యం బస్తా రేపటికీ ఉంటుంది. ఇవాళ ఖాళీగా ఉన్న షూటింగ్ ఫ్లోరు మాత్రం ఇవాళ్టితో పోయినట్టే. షూటింగ్ ఉన్నా లేకపోయినా జీతాలు ఇవ్వాలి, మరమ్మతులు చేయించాలి. రోజులు బాగున్నప్పుడు ఈ ఖర్చులు కనపడవు. 1970ల్లో తేలికపాటి కెమెరాలు వచ్చి దర్శకులు పల్లెలకు తరలడం మొదలైంది. 1977లో తమిళ సినిమా ‘పదినారు వయదినిలే’ ఆడాక ఔట్‌డోర్ మోజు ఇంకా పెరిగింది. మన తెలుగు నిర్మాతలేమో హైదరాబాదు బాట పట్టారు. వడపళనితో సహా కోడంబాక్కం చుట్టుపక్కల ఫ్లోర్లకి బేరాలు తగ్గాయి.

విజయా వాహినీ యజమాని నాగిరెడ్డిగారు అప్పటికే, 1972లోనే, ఆసుపత్రి పెట్టారు. నాకు అందులో పెద్ద వ్యాపార దృష్టి కనిపిస్తుంది. నిర్మాత ఎప్పుడొస్తాడో తెలియదు, రోగులు రోజూ వస్తారు. ఒక్క పరిశ్రమ బాగోగుల మీద ఆధారపడే స్థలాన్ని ఊరందరి అవసరానికి తిప్పారు. తర్వాతి కాలంలో మండపం, 2013లో మాల్ కూడా ఆ స్థలాన్నే నమ్ముకుని వచ్చాయి.

అయితే స్థలం నిలిచింది గానీ, పనితనం నిలవలేదు. సెట్టు వేసే వడ్రంగికి, ప్లాస్టర్‌తో స్తంభాలు పోసే మోల్డర్‌కి, లైట్‌మన్‌కి ఆసుపత్రిలో ఏం పని? లాభం లెక్క చూసేటప్పుడు వాళ్ళనీ లెక్కలోకి తీసుకోవాలి.

అందుకే నాకు సాలిగ్రామంలోని ప్రసాద్ ల్యాబ్ దారి ఇంకా నచ్చుతుంది. ఎల్.వి. ప్రసాద్‌గారు 1970ల్లో పెట్టిన ల్యాబ్ అది. నెగెటివ్ కడిగి, ప్రింట్లు వేయడం దాని బతుకు. డిజిటల్ వచ్చాక ఆ పనే లేకుండా పోయింది. 2012 జనవరిలో సాక్షాత్తూ కొడాక్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. ల్యాబులు వరసగా మూతపడ్డాయి. ప్రసాద్ వాళ్ళు ఫిల్ము పట్టుకోవడం తెలిసిన చేతులకి కొత్త పని వెతికారు. అదే పాత సినిమాలని బాగుచేయడం. ఇక్కడివే కాదు, విదేశీ సినిమాలు కూడా. జర్మనీలో స్కానర్లు తయారుచేసే డీఎఫ్‌టీ సంస్థని సైతం కొన్నారు.

ఆ పని ఎలా ఉంటుందంటే, డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటే ఆ ఫిల్ము కుళ్ళుతున్నట్టు లెక్క. రీలు మెల్లగా తిప్పుతూ, అంచుల్లో చిరిగిన రంధ్రాలు ఎక్కడున్నాయో చూసి అతకాలి, పాత జాయింట్లు సరిచేయాలి, శుభ్రం చేయాలి. ఆ తర్వాతే స్కానర్ ఎక్కించాలి. రెండున్నర గంటల సినిమా అంటే 2,16,000 ఫ్రేములు. గీతలు, మరకలు పోగొట్టే మనిషి ఆ ఫ్రేముల వెంట పోవాల్సిందే. కంప్యూటర్ సాయం ఉన్నా, ఏది మరకో, ఏది నటి బుగ్గ మీది పుట్టుమచ్చో చెప్పేది మనిషే. ఆ విచక్షణకే గిరాకీ. ఫ్లోరు అద్దెలా దాన్ని పక్క స్టూడియోవాడు రేటు తగ్గించి ఎగరేసుకుపోలేడు.

పాత తెలుగు నెగెటివ్‌లు ఇంకా నిర్మాతల వారసుల దగ్గర, గోదాముల్లో పడి ఉంటే వెంటనే బయటికి తీయాలి. ఫిల్ము చేత్తో పట్టి పనిచేసిన తరానికి వయసు మీదపడుతోంది. వాళ్ళు ఉండగానే ఆ డబ్బాలు సాలిగ్రామం చేరాలని నా కోరిక.