బడికీ ఆసుపత్రికీ నడుమ

కడప జిల్లా వేముల మండలంలో ఎనిమిదో తరగతి పిల్లవాడు ఉన్నట్టుండి మాట్లాడడం మానేశాడనుకుందాం. నోటుబుక్కులో వారం నుంచి అక్షరం లేదు. మధ్యాహ్నం పళ్లెంలో అన్నం అట్లాగే మిగిలిపోతోంది. సారు ముందు కోప్పడతాడు, తర్వాత ఇంటికి కబురు పెడతాడు. చీనీతోటలో కూలి పోగొట్టుకుని తల్లి బడికొస్తుంది. "గాలి సోకిందేమో సార్, తాయెత్తు కట్టించినాం" అంటుంది. ఊరి ఆర్‌ఎంపీ బలానికని సూది వేస్తాడు. అదీ కుదరకపోతే పులివెందుల, అక్కడినుంచి సుమారు 70 కిలోమీటర్ల దూరాన కడప. ఈ దారిలో బడి ఉంది, ఆసుపత్రి ఉంది, సంక్షేమ శాఖ ఉంది. మూడూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టినవి. పిల్లవాణ్ణి ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే మనిషే వీటి మధ్య లేడు. ఆ లోటు చాలా పాతది.

మన ప్రాంతానికి మానసిక వైద్యం ఎత్తైన గోడల రూపంలో వచ్చింది. మద్రాసు కీల్పాక్‌లోనూ వాల్తేరులోనూ పిచ్చాసుపత్రులు 1871 నాటివి. కడప అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1912 నాటి చట్టం కూడా రోగిని ఎవరు లోపల పెట్టాలి, ఎప్పుడు వదలాలి అన్నదాని చుట్టూనే తిరిగింది. పిల్లల ప్రస్తావన ప్రభుత్వం దృష్టికి నేరం వైపు నుంచి వచ్చింది. దేశంలోనే మొదటిదైన మద్రాసు బాలల చట్టం 1920లో వచ్చింది. దిక్కులేని పిల్లలకూ తప్పుచేసిన పిల్లలకూ వేరే కోర్టు, వేరే బడి ఉండాలని అది చెప్పింది. అప్పటికది పెద్ద మాటే. వాళ్ల మనసులో ఏముందో చూడడం మాత్రం ఎవరి పనీ కాలేదు.

ఇదే చింత అమెరికాలో మరో దారి పట్టింది. 1909లో చికాగోలో విలియం హీలీ అనే వైద్యుడు బాలల కోర్టుకొచ్చే పిల్లల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి పరిశీలించడం మొదలుపెట్టాడు. ఆ పని నుంచే చైల్డ్ గైడెన్స్ క్లినిక్కులు పుట్టాయి. వాటిలో ముగ్గురుండేవారు: సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్. ఇంటికి వెళ్లి తల్లితో, బడికి వెళ్లి టీచరుతో మాట్లాడి వచ్చేది సోషల్ వర్కరే. బొంబాయిలో టాటాల సోషల్ వర్క్ విద్యాలయం 1937లో ఇటువంటి క్లినిక్కు తెరిచింది. డాక్టరు కోసం చాలాకాలం ఎదురుచూసిన మన జిల్లాలు ఆ మూడో మనిషిని అసలు అడగనే లేదు.

ఆ డాక్టరు పల్లెకు దగ్గరైన కథ మాత్రం మన పొరుగునే మొదలైంది. 1800లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చిన దత్తమండలాల్లో కడపతోపాటు బళ్లారి కూడా ఒకటి. ఆ బళ్లారిలోనే 1980ల్లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఒక ప్రయోగం చేసింది. పీహెచ్‌సీ డాక్టర్లకూ ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి, మానసిక వైద్యాన్ని పల్లెలకు దగ్గర చేసింది. 1982లో మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమానికి జిల్లా రూపం అక్కడినుంచే వచ్చింది. 1996లో మొదటి విడత నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. గోడలు దాటి ఊరికి రావడం నిజంగా గొప్ప మలుపు. కానీ మొదట్లో దృష్టంతా తీవ్రమైన మానసిక జబ్బుల మీద, మూర్ఛ మీద నిలిచింది. బడులు, కాలేజీలు ఆ కార్యక్రమంలోకి ఎన్నో ఏళ్ల తర్వాత గాని రాలేదు.

ఈలోగా పిల్లల మనసు గురించి రాష్ట్రం మాట్లాడింది చావులు చూశాకే. కార్పొరేట్ కాలేజీల్లో ఇంటర్ విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు. కమిటీలు, హెచ్చరికలు అక్కడితో ఆగలేదు, చావులూ ఆగలేదు. నిమ్హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ పన్నెండులో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. ఇన్ని చావులు చూసిన రాష్ట్రాలు లెక్కలోకే రాకపోవడం నాకు మింగుడుపడదు.

బడికి ఆరోగ్యశాఖ రాకపోలేదు. 2010 బాలల దినోత్సవం నాడు జవహర్ బాల ఆరోగ్య రక్ష, 2013లో జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలయ్యాయి. వ్యాను వస్తుంది, పిల్లలు వరసలో నిలబడతారు. బరువు, ఎత్తు, పళ్లు, కళ్లు చూస్తారు. ఆటిజం, చదువులో ఇబ్బంది, ఏకాగ్రత లోపం కూడా పరీక్షించాల్సిన జాబితాలో ఉన్నాయి. అయితే మాట్లాడడం మానేసిన మన పిల్లవాడికి బరువు సరిగానే ఉంటుంది, పళ్లూ బాగానే ఉంటాయి. వరస ముందుకు కదులుతుంది.

సంక్షేమం వైపు పిల్లల కోసం 1098 నంబరుంది, బాలల సంక్షేమ కమిటీ ఉంది, జిల్లా బాలల సంరక్షణ విభాగం ఉంది. బడి మానేసిన అమ్మాయి అక్కడ బాల్యవివాహం కేసుగా కనిపిస్తుంది. పెళ్లి ఆగితే ఫైలు మూసేస్తారు. ఆర్నెల్లుగా ఆ పిల్లకు నిద్ర పడుతోందా లేదా అని అడిగే గడి ఆ ఫైలులో ఉండదు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు చాలామంది సైకియాట్రిస్టును మొదటిసారి చూసేది సదరం వైకల్య సర్టిఫికెట్ కోసమే. ఆ సంతకం పింఛనుకు పనికొస్తుంది, చికిత్సకు దారి చూపదు.

గడిచిన ఆరేడేళ్లలో మాత్రం ఈ పనికి కావలసినవి ఒక్కొక్కటే సమకూరాయి. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక ఏఎన్‌ఎం, మహిళా పోలీసు, వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంటు ఒకే కప్పు కింద చేరారు. 2020 నాటి కేంద్ర పథకం బడికి ఇద్దరు టీచర్లకు పిల్లల ఆరోగ్యంపై, మానసిక ఆరోగ్యంతో సహా, శిక్షణ ఇవ్వమంది. 2022 అక్టోబరులో ఫోన్‌లో మానసిక సలహా ఇచ్చే టెలి మానస్ 14416 వచ్చింది. 2023 డిసెంబరులో కడపలో వంద పడకల మానసిక వైద్యశాల ప్రారంభమైంది. మద్రాసు, విశాఖల కంటే ఇది చాలా దగ్గర.

2025 జులైలో సుప్రీంకోర్టు విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి మరణం కేసులో తీర్పిస్తూ దేశమంతటికీ మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలర్ ఉండాలి. అంతకంటే చిన్నవి బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ వేయాలి, అందులో విద్య, వైద్యం, బాలల సంరక్షణ శాఖలు మూడూ కూర్చోవాలి. చికాగోలో హీలీ మొదలుపెట్టిన పనిని నూటపదహారేళ్ల తర్వాత మన దగ్గర మూడు శాఖలకు కోర్టు అప్పగించింది.

వేముల వంటి మండలంలో వంద మంది లేని బడులకు ఆ రెండో నిబంధనే ఆధారం. సంబంధం అంటే నోటీసుబోర్డు మీద ఫోన్ నంబరు అంటించడం కాకూడదు. కడప నుంచి నిపుణుడు నెలలో ఏ రోజు పులివెందులకొస్తాడో ముందే చెప్పాలి. సచివాలయంలో ఎవరు పిల్లవాణ్ణి తోడుండి తీసుకెళ్తారో పేరుపెట్టి రాయాలి. తల్లి పోగొట్టుకున్న కూలి, బస్సు చార్జీ ఏ పద్దులోంచి ఇస్తారో తేల్చాలి. తరగతిలో ఆ పిల్లవాడితో ఎట్లా ఉండాలో, జబ్బు పేరు బయటపెట్టకుండానే, టీచరుకు ఆసుపత్రి నుంచి నాలుగు మాటలు రాతపూర్వకంగా అందాలి. కలెక్టర్ కమిటీ మొదటి సమావేశంలోనే తేల్చగలిగిన పనులివి.